టానింగ్ బూత్‌కి బొట్టు పెట్టిన శుక్రవారం

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక పెళ్లి సంబంధం అంచు దాకా వెళ్లి వేలాడుతుంది. ఒక అమాయకుడు పంచె కట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే రంగు మారిపోతాడు. హెల్మెట్ పెట్టుకున్న ఒక పెద్దమనిషికి కూడా రక్షణ దొరకదు. వీటన్నిటికీ మొదటి ముద్దాయిని నేను, రెండో ముద్దాయి నా కుంకుమ భరిణె. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. మా ఇంట్లో వాళ్లు రెండేళ్లుగా అదే పని మీద ఉన్నారు.

నాకు బర్కాలో చిన్న లేడీస్ సెలూన్ ఉంది. మా ఆయన అక్కడికి దగ్గర్లోనే సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంట్‌లో షిఫ్ట్ ఇంజనీరు. ఉప్పు తీసే పని ఆయనది, నలుపు తీసే పని నాది. అంటే మా సెలూన్‌లో అన్నిటికంటే ఎక్కువగా నడిచేది డీ-టాన్ ప్యాక్ అన్నమాట. ఒమాన్ ఎండలో కారు పార్కింగ్ నుంచి సూపర్ మార్కెట్ తలుపు దాకా నడిచినా చాలు, మన ఆడవాళ్లు మొహం పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. నేను పెరుగూ శనగపిండీ ఇంకా నాలుగు రహస్యాలూ కలిపి పట్టించి పంపిస్తాను. హాయిగా నడుస్తున్న వ్యాపారం. దాన్ని అలా వదిలేస్తే నేను నేనెలా అవుతాను?

ఒకరోజు బీచ్ రిసార్ట్‌లో దిగిన ఒక విదేశీ అమ్మాయి లోపలికొచ్చి, "మీ దగ్గర స్ప్రే టాన్ ఉందా?" అని అడిగింది. "ఉంది, వచ్చే నెల నుంచి" అన్నాను. కస్టమర్‌తో లేదని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆవిడ వెళ్లాక ఫోన్‌లో వెతికితే అప్పుడు తెలిసింది, ఆ అమ్మాయి అడిగింది ఒంటికి గోధుమ రంగు చల్లే యంత్రమని. బీరువాలాంటి పెట్టెలో మనిషి నిలబడితే నాలుగు వైపుల నుంచీ మందు తుంపర్లు పడతాయి. కొన్ని గంటల్లో నెలరోజులు సముద్రం ఒడ్డున పడుకున్నంత రంగు వస్తుంది. వారం పది రోజులకి అదే పోతుంది.

మా ఆయనకి చెప్పాను. ఆయన తింటున్న పెసరట్టు ఆపి నా వైపు చూశారు.

"డబ్బులిచ్చి నల్లబడతారా లలితా?"

"నలుపు కాదండీ, కంచు రంగు."

"కిటికీ తీస్తే ఆ కంచు రంగు ఊరికే వస్తోంది కదే, ఈ దేశంలో."

"ఆ ఎండకి చర్మం పాడవుతుందట. ఇది ఎండ లేని ఎండ."

"బావుంది. ఒక గదిలో రంగు తీస్తావు, పక్క గదిలో రంగు వేస్తావు. ఎవరైనా పొరపాటున రెండో గది తలుపు తీస్తే?"

ఆ మాట ఆయన నోటి నుంచి ఏ ముహూర్తాన వచ్చిందో గానీ, అప్పుడు మాత్రం నేను మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

వారం తిరక్కుండా బురైమిలో మూసేస్తున్న ఒక సెలూన్ నుంచి సెకండ్ హ్యాండ్ బూత్ కొనేశాను. అది పికప్‌లో పడుకుని బర్కా వచ్చింది. దాన్ని దించి, బిగించి, నిలబెట్టింది మా నర్సయ్య. నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె. పేరుకి ఏసీ మెకానిక్కే గానీ, వైరు ఉన్న ఏ వస్తువునైనా ఒళ్లో పెట్టుకుని బుజ్జగించి పని చేయించగలడు. బూత్‌తో వచ్చిన పుస్తకాన్ని బొమ్మలు చూసే చదివేసి నాకు పాఠం చెప్పాడు.

"అక్కా, లోపట గీ నల్లటి అద్దం జూసినవా? గిదే దీని కన్ను. మనిషి లోపట నిలవడి గీని మీద అడ్డంగ చెయ్యి వెట్టాలె. మూడు లెక్కవెట్టేలోపట మొత్తం షురూ అయితది. ఊకె చెయ్యి వెట్టకుండ్రి మల్ల."

"నేనెందుకు పెడతాను నర్సయ్యా? బుద్ధుంది కదా నాకు" అన్నాను. ఈ వాక్యాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మా మరిది గురించి చెప్పాలి. పేరు శ్రీధర్, మేమంతా చంటి అంటాం. బహ్లాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని బిల్డింగుల డ్రాయింగులు గీస్తాడు. ఎండ మొహం ఎరగని మనిషి, పచ్చగా ఉంటాడు. బంగారంలాంటి పిల్లాడు. ఒక్కటే లోపం, మాట్లాడడు. అంతకుముందు మూడు సంబంధాలు చూశాం. మూడు చోట్లా అమ్మాయి ఏమడిగినా "మీ ఇష్టమండీ" అని ఊరుకున్నాడు. ఉద్యోగం ఎలా ఉంది అంటే మీ ఇష్టం. మీకు ఏ కూర ఇష్టం అంటే మీ ఇష్టం. మూడో అమ్మాయి అయితే, "అబ్బాయి బావున్నాడు కానీ లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగించిందట.

అలాంటివాడు ఆ ఏడాది మస్కట్‌లో మనవాళ్ల ఉగాది భోజనాల నుంచి వచ్చాక, నేను గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. పది నిమిషాలు నిలబడ్డాక అన్నాడు, "వదినా, అక్కడ పులిహోర వడ్డించిన అమ్మాయి ఉంది చూడండి..." అంతే, ఆగిపోయాడు. వాడు ఆ పులిహోర మూడుసార్లు వేయించుకున్నాడని నేను అప్పటికే గమనించాను. వాడికి పులిహోర పడదు.

పదేళ్లలో వాడు నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక అది. నా గుండె కరిగిపోయింది. ఆరా తీస్తే ఆ అమ్మాయి పేరు వాసంతి, మస్కట్‌లో ఒక క్లినిక్‌లో ఫార్మసిస్టు. వాళ్లది రాజమండ్రి. తండ్రి వెంకట్రావు గారు ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. ఎలాగో మాట కలిపి, పెళ్లిచూపులకి ఒప్పించాను. శుక్రవారం సాయంత్రం ఐదింటికి మా ఇంటికి వస్తామన్నారు.

శుక్రవారం సెలూన్‌కి సెలవు. చంటి ఎలాగూ బహ్లా నుంచి వస్తాడు. పంచాంగం చూస్తే పొద్దున తొమ్మిదింటికి మంచి ఘడియ. ఇంకేం, సాయంత్రం పెళ్లిచూపులు, పొద్దున బూత్‌కి పూజ, ఒకే రోజు రెండు శుభాలు అనుకున్నాను. కొత్త వస్తువుకి పూజ చేయకుండా వాడడం మా ఇంటా వంటా లేదు. మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌కి బొట్టు పెట్టకుండా మొదటి విజిల్ రానివ్వను. నా ఫోన్ వెనక ఇప్పటికీ పసుపు మరక ఉంది. అలాంటిది బురైమి నుంచి పికప్‌లో వచ్చిన యంత్రాన్ని ఉత్తినే వాడతానా?

మా ఆయన పొద్దుటి డ్యూటీలో ఉన్నారు కాబట్టి పూజకి చంటిని కూర్చోబెట్టాను. పంచె కట్టుకుని, చొక్కా లేకుండా, భుజం మీద కండువాతో బుద్ధిగా కూర్చుని అన్నీ చేశాడు. వినాయకుడికి బెల్లం ముక్క, బూత్ ముందు కొబ్బరికాయ, అడుగున నాలుగు నిమ్మకాయలు. పక్కనే తోటలో అడిగి తెచ్చిన మామిడాకులు మాత్రం మిగిలాయి.

"చంటీ, లోపలికెళ్లి పైన ఆ కడ్డీకి తోరణం కట్టు" అన్నాను. కండువా తీసి కుర్చీ మీద పెట్టి లోపలికెళ్లాడు. ఈలోపు నేను తల లోపలికి పెట్టి బొట్టు కోసం చోటు వెతికాను. నా తప్పేముంది చెప్పండి? యంత్రానికి సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట గుండ్రంగా, నల్లగా, నున్నగా ఒక అద్దం ఉంది. రూపాయి బిళ్లంత. అంత లక్షణమైన చోటు వదిలిపెట్టి ఇంకెక్కడ పెడతారు ఎవరైనా? తడి పసుపు నిండుగా రాసి, మధ్యలో దిట్టంగా కుంకుమ పెట్టాను. యంత్రం కళకళలాడిపోయింది.

"నర్సయ్యా, తొమ్మిదయింది. కరెంటు వెయ్యి" అన్నాను.

నర్సయ్య స్విచ్ వేశాడు. బూత్ ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు గురగురలాడింది. అద్దాల తలుపు దానంతటదే మూసుకుంది. లోపలి నుంచి ఒక దొరసాని గొంతు తియ్యగా ఇంగ్లీషులో పలికింది, స్వాగతం, కళ్లు మూసుకోండి అని.

"వదినా! లోపల ఎవరో ఆవిడ మాట్లాడుతోంది!" అని చంటి అరిచాడు.

"తలుపు తోసుకుని బయటికి రా చంటీ!"

"కళ్లు మూసుకోమంటోంది వదినా!"

తరవాత భుస్సుమని శబ్దం. అద్దం వెనక అంతా పొగమంచు కమ్మేసింది. దొరసాని చేతులు పైకెత్తమంది. పొగలో చంటి చేతులు లేవడం కనబడింది. కుడివైపు తిరగమంది, తిరిగాడు. వీపు చూపించమంది, చూపించాడు. నేనూ నర్సయ్యా తలుపు లాగుతుంటే, లోపల వాడు బళ్లో డ్రిల్లు చేసినట్టు ఆవిడ చెప్పినవన్నీ వరసగా చేసేశాడు. చివరికి ఆవిడ ధన్యవాదాలు చెప్పింది. తలుపు తెరుచుకుంది.

"బయటికి రమ్మంటే తిరుగుతావేంట్రా?" అన్నాను ఆయాసపడుతూ.

"ఆవిడ చెప్పింది కదా వదినా" అన్నాడు.

ఒంటి మీద రంగేమీ లేదు. నీళ్లు చల్లినట్టు తడిగా ఉన్నాడు, మాడిన బిస్కెట్ వాసన వేస్తున్నాడు, అంతే. "హమ్మయ్య, పాత మందు కదా, పనిచెయ్యలేదు" అని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నర్సయ్య మాత్రం లోపలికి తొంగిచూసి, తల పట్టుకుని బయటికొచ్చాడు.

"అక్కా, కన్ను మీద బొట్టు ఎవరు వెట్టిండ్రు?"

"నేనే. ఏం?"

"చెయ్యి వెట్టద్దని జెప్పిన గదక్కా!"

"చెయ్యి పెట్టొద్దన్నావు. బొట్టు పెట్టొద్దనలేదుగా?"

"గది నాకెట్ల యాదికొస్తదక్కా? గా బుక్కుల గూడ రాయలే!" అన్నాడు నర్సయ్య. నిజమే పాపం, ఏ దేశం పుస్తకంలోనూ రాసి ఉండదు. బొట్టు దానికి తియ్యకుండా పెట్టిన చెయ్యిలాగే తోచింది. కరెంటు రాగానే లెక్కపెట్టుకుని మొదలుపెట్టేసింది.

ఇంటికి వచ్చి టిఫిన్ తిన్నాం. పదకొండింటికి చంటి మొహం పాలెక్కువైన టీ రంగులో ఉంది. "కాస్త కళగా ఉన్నావులే" అన్నాను. పన్నెండింటికి పాలు తగ్గాయి. ఒంటిగంటకి అది డికాషన్. మెడలో తాయెత్తు తాడు ఉన్న చోట తెల్లటి గీత మిగిలింది. అరచేతులు చూపించమంటే చూపించాడు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న ఆడపిల్ల చేతుల్లా ఎర్రగా పండి ఉన్నాయి.

నా దగ్గరున్న విద్యలన్నీ వాడి మీద ప్రయోగించాను. శనగపిండి, పెరుగు, నిమ్మచెక్క, టమాటా, చివరికి సెలూన్ నుంచి డీ-టాన్ ప్యాక్ డబ్బా తెచ్చి మొత్తం పట్టించి చెంబులకొద్దీ నీళ్లు పోయించాను. అన్నీ అయ్యాక అనుమానం వచ్చి నర్సయ్యకి ఫోన్ చేశాను.

"అక్కా, బుక్కుల జూసిన. ఎనిమిది గంటల దాంక నీళ్లు తాకనియ్యద్దట. తాకితె మచ్చలు మచ్చలైతడట."

వెనక్కి తిరిగి చూశాను. నుదుటి నుంచి చెంపల మీదుగా నీళ్లు ఎక్కడెక్కడ కారాయో అక్కడంతా తెల్లటి చారలు తేలాయి. మా చంటి అమాయకంగా నా వైపు చూస్తున్నాడు.

నేను వంటింటి గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. నవ్వులాట కాదు, నిజంగా ఏడ్చాను. పదేళ్లుగా నేను ఏది చెబితే అది చేసిన పిల్లాడు, నోరు తెరిచి అడిగింది ఒక్క అమ్మాయిని. ఆ అమ్మాయి వచ్చే రోజున వాణ్ణి ఇలా తయారుచేసి కూర్చోబెట్టాను. "రావద్దని ఫోన్ చేసేస్తాను చంటీ, ఇంకో వారం రమ్మందాం" అన్నాను.

"వాళ్లు ఈపాటికి తయారవుతూ ఉంటారు వదినా. పర్లేదు. మీరు ఏడవకండి" అన్నాడు వాడు. పైగా తన కండువాతో నా కళ్లు తుడవబోయాడు. కండువాకి అంటుకున్న రంగు నా బుగ్గకి అంటింది.

మూడింటికి మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి తమ్ముణ్ణి చూశారు. నన్ను చూశారు. "రెండో గది తలుపు తీశారన్నమాట" అన్నారు.

సరిగ్గా ఐదింటికి వెంకట్రావు గారు, ఆయన భార్య, వాసంతి వచ్చారు. వెంకట్రావు గారు లోపలికి వస్తూనే మా వంటింటి గ్యాస్ గొట్టం చూసి, పాతబడింది మార్చమన్నారు. తరవాత కూర్చుని చంటి వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"అబ్బాయి ఆఫీసు ఉద్యోగమన్నారు కదమ్మా?"

"అవునన్నయ్య గారూ. డ్రాయింగులు."

"మరి ఈ ఎండ దెబ్బ?"

నిజం చెప్పేస్తే పోయేది. నా నాలుక ఊరుకుంటే కదా! "సెలవు రోజుల్లో సైట్ దగ్గరికి వెళ్లి చూసొస్తుంటాడండీ. పని మీద అంత శ్రద్ధ" అనేశాను.

"హెల్మెట్ పెట్టుకోడా? నుదురంతా కాలిపోయింది" అని ఆయన బాధపడి, ఎందుకైనా మంచిదని ఫోన్‌తో ఒక ఫోటో తీసుకున్నారు. ఆయనకి ఏది చూసినా ఫోటో తీయడం వృత్తిధర్మం.

పిల్లలిద్దర్నీ బాల్కనీలోకి పంపాం. నేను వంటింటి కిటికీ దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను. తప్పే. కానీ మీరైతే వెళ్లి టీవీ చూస్తారా?

ముందు మాట్లాడింది ఆ అమ్మాయే. "ఇది ఎండ కాదు కదండీ? ఎండకి అరచేతులు కమలవు. ఇది మందు. నేను ఫార్మసీలో పనిచేస్తాను."

ఇప్పుడు వీడు "మీ ఇష్టమండీ" అంటాడు, అంతటితో అయిపోతుంది అనుకున్నాను. చంటి గొంతు సవరించుకున్నాడు.

"మా వదిన మంచిదండీ. ముందు అది చెప్పాలి" అని మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. బూత్, బురైమి, తోరణం, బొట్టు, దొరసాని, శనగపిండి, అన్నీ చెప్పాడు. పదేళ్లలో నేను విన్న మాటలన్నీ కలిపినా అంత ఉండవు. మధ్యలో ఆ అమ్మాయి నవ్వు మొదలైంది.

"ఆ మిషన్ తిరగమంటే తిరిగారా?"

"తిరిగానండీ."

"ఎందుకు?"

"ఆవిడ అంత మర్యాదగా చెబుతోంది, బావుండదని."

ఆ అమ్మాయి నవ్వీ నవ్వీ బాల్కనీ గోడ పట్టుకుంది. "పోనీ ఉగాది రోజు పులిహోర మూడుసార్లు ఎందుకు వేయించుకున్నారు? అదీ మర్యాదకేనా?" అంది. ఆ రోజే చూసిందన్నమాట! నేను కిటికీ దగ్గర మళ్లీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

లోపలికి వచ్చి వాసంతి వాళ్ల నాన్నతో "నాకిష్టమే" అంది. మందు సంగతి మాత్రం, "నాన్నకి మెల్లగా నేను చెబుతాలెండి, ఇప్పుడు చెబితే వంద ప్రశ్నలేస్తారు" అని నా చెవిలో చెప్పింది. ఆ మెల్లగా చెప్పడం అనేది ఆలస్యమైంది.

రెండు వారాల తరవాత తాంబూలాల మాట ఖాయం చేసుకోవడానికి వెంకట్రావు గారు మళ్లీ వచ్చారు. అప్పటికి చంటి రంగంతా వదిలి, నిమ్మపండులా కూర్చుని ఉన్నాడు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. ఫోన్ తీశారు. ఫోటో చూశారు, వాణ్ణి చూశారు.

"చెల్లెమ్మా, ఆ రోజు చూపించిన అబ్బాయి ఏడీ?"

"ఇతనే అన్నయ్య గారూ."

"ఇతను కాడు. ఇతను అతని తమ్ముడేమో. నేను ముప్పై ఏళ్లుగా ఫోటోలతో పోల్చి తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నానమ్మా. నాతో ఇలాంటివా?"

ఇక దాచి లాభం లేక నిజమంతా చెప్పేశాను. ఆయన మొత్తం విని, తల అడ్డంగా ఆడించారు. "బొట్టు పెడితే మనిషి రంగు మారాడా? ముందు సైట్‌లో ఎండ అన్నావు, ఇప్పుడు పెట్టెలో మంచు అంటున్నావు. నా కళ్లతో చూస్తేగానీ నమ్మను. చూపించండి. నిజమైతే మర్నాడే తాంబూలాలు. కాకపోతే ఇక్కడితో సరి."

చంటి మొహం వాడిపోయింది. "చూపిద్దాం వదినా. నేను మళ్లీ నిలబడతాను" అన్నాడు. అమ్మాయి కోసం మనిషి ఎండలో నిలబడ్డం విన్నాం గానీ, ఇలా నిలబడ్డం ఎక్కడైనా ఉందా?

మళ్లీ శుక్రవారం, మళ్లీ పొద్దున తొమ్మిది. నర్సయ్య ముందురోజే వచ్చి కన్ను మీద బొట్టు గోకి, స్పిరిట్ పెట్టి తుడిచి, నాతో ఒట్టు వేయించుకున్నాడు, కన్ను జోలికి వెళ్లనని. వెళ్లలేదు. ఒట్టంటే ఒట్టే. కానీ శుక్రవారం పూట, ఆడపెళ్లివారు వస్తున్న పూట, యంత్రాన్ని బోసి నుదుటితో ఎలా ఉంచుతాను? కన్నుకి జానెడు పైన పెట్టాను. కొలిచి మరీ పెట్టాను. ఆ రోజు కుంకుమ కాస్త నూనెతో కలిపాను, రాలకుండా ఉంటుందని.

వెంకట్రావు గారు హెల్మెట్, కళ్లకి సేఫ్టీ గాగుల్స్, చేతిలో టార్చీ, నోటు పుస్తకంతో వచ్చారు. వాసంతి కూడా వచ్చింది. "ముందు నేను లోపల తనిఖీ చేస్తాను. తరవాత అబ్బాయి వెళ్తాడు" అని ఆయన బూత్‌లోకి వెళ్లి తుంపర్ల గొట్టాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కరెంటు అప్పటికే వేసి ఉంది. లోపల ఆరబెట్టే హీటర్ వెచ్చగా తిరుగుతోంది.

నూనె, వేడి. ఇంకేం చెప్పను? జానెడు పైన ఉన్న నా బొట్టు మెత్తబడి, కదిలి, నిదానంగా, నున్నటి గోడ మీద ఒక ఎర్రటి ధారగా దిగి వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. తుడుద్దామంటే కన్ను జోలికి వెళ్లనని ఒట్టు. అది వచ్చి సరిగ్గా కన్ను మీద నిండుగా ఆగింది.

తలుపు మూసుకోసాగింది. దొరసాని స్వాగతం చెప్పింది.

"ఎవరది?" అన్నారు వెంకట్రావు గారు లోపలి నుంచి.

అప్పుడు మా చంటి, మాట్లాడని మా చంటి, మూసుకుపోతున్న తలుపు సందులోంచి చొక్కాతో సహా లోపలికి దూరిపోయాడు. "మావయ్య గారూ! కళ్లు మూసుకోండి! భయపడకండి, నేనున్నాను! చేతులెత్తండి!"

"ఎందుకయ్యా?"

"ఎత్తకపోతే ఒకవైపే పడుతుంది! తిరగండి, కుడి వైపు తిరగండి! ఇప్పుడు వీపు!"

పొగమంచులో రెండు నీడలు చేతులెత్తి, ఒకేసారి కుడికి, ఒకేసారి వెనక్కి తిరిగాయి. వాసంతి నా భుజం మీద తల పెట్టి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. తలుపు తెరుచుకున్నాక వెంకట్రావు గారు తడిసిన హెల్మెట్‌తో బయటికొచ్చి, నోటు పుస్తకం తెరిచి ఏదో రాసుకుని, కాబోయే అల్లుడి భుజం తట్టారు. "ప్రమాదంలోకి దూకి మనిషిని కాపాడబోయాడు. అది రూలుకి విరుద్ధం. కానీ కుర్రాడు మంచివాడు" అన్నారు.

"మావయ్య గారూ, ఎనిమిది గంటల దాకా నీళ్లు తగలనివ్వకండి" అన్నాడు చంటి, అనుభవజ్ఞుడు.

మర్నాడు తాంబూలాలు. ఫోటోలు తీస్తున్న అబ్బాయి, "సార్, కళ్లజోడు తీసేయండి, మెరుస్తోంది" అన్నాడు వెంకట్రావు గారితో. "నేను పెట్టుకోలేదయ్యా" అన్నారాయన. అది గాగుల్స్ ఉన్న చోట మిగిలిన తెలుపు. ఆ ఫోటోలు రాజమండ్రి వెళ్లాయి. పక్కపక్కన కూర్చుని నవ్వుతున్న మామా అల్లుళ్లని చూసి వాసంతి నాయనమ్మ ఫోన్ చేసి మురిసిపోయింది. "వెతికి వెతికి మన రంగు పిల్లాణ్ణే తెచ్చారే! అచ్చం మా వెంకట్రావు పోలికే!" అంది.

ఇంతకీ స్ప్రే టాన్ కావాలని అడిగిన ఆ విదేశీ అమ్మాయి సెలవు అయిపోయి ఎప్పుడో వాళ్ల దేశం వెళ్లిపోయింది. ఈ రెండేళ్లలో నా బూత్‌లో నిలబడ్డవాళ్లు మొత్తం ఇద్దరు. ఇద్దరూ మగాళ్లే, అదీ లేడీస్ సెలూన్‌లో. ఇప్పుడు అందులో తువ్వాళ్లు ఆరేస్తున్నాం. హీటర్ బంగారంలా పనిచేస్తుంది. చంటి, వాసంతి నెలకోసారి బహ్లా నుంచి వస్తారు. వాడు ఇప్పుడు ఎంత మాట్లాడతాడంటే, కాస్త ఆపరా అని నేనే అనాల్సి వస్తోంది.

చివరగా, పాఠకులందరి సాక్షిగా, మా నర్సయ్య సమక్షంలో, నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇకమీదట ఏ యంత్రానికీ, కన్ను ఉన్నా లేకపోయినా, ముందు గానీ వెనక గానీ, జానెడు పైన గానీ బారెడు కింద గానీ బొట్టు పెట్టను. ఇది నోటి మాటగా ఉంటే నన్ను ఎవరూ నమ్మరని మా ఆయన తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించారు. దాన్ని తీసుకెళ్లి బూత్ తలుపుకే అంటించాను.

అంటించే ముందు నాలుగు మూలలకీ కాస్త పసుపు రాశాను. కొత్త కాగితం కదా మరి.